విషమునకు కొలత

పురుగుమందు డబ్బా మీద మూలపై నిలబెట్టిన చదరమొకటి అచ్చువేసి యుండుట మీరు చూచియుందురు. ఆ చదరమును అడ్డముగా రెండు త్రికోణములు చేసి, పై దానిలో హెచ్చరిక మాటను, క్రింది దానిలో రంగును ఉంచుదురు. రంగులు నాలుగు: ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ. ఎరుపు మిక్కిలి ప్రమాదమనియు, ఆకుపచ్చ అన్నిటికన్న తక్కువ ప్రమాదమనియు పల్లెటూరి పిల్లలకు కూడ తెలియును. కాని ఏ మందునకు ఏ రంగు వేయవలెనో దేనిని చూచి నిర్ణయించిరి?

మన దేశములో 1971 నాటి కీటకనాశనుల నియమావళి ఈ రంగులకు అంకెలను నిర్దేశించినది. నోటి ద్వారా లోపలికి పోయినప్పుడు ఆ మందు యొక్క ‘ఎల్.డి. 50’ విలువ 1 నుండి 50 వరకు ఉన్నచో ఎరుపు. 51 నుండి 500 వరకు పసుపు. 501 నుండి 5,000 వరకు నీలము. 5,000 దాటినచో ఆకుపచ్చ. చర్మమునకు తగిలినప్పటి విలువలు వేరు. ఇచ్చట 50 అనగా జంతువు శరీర భారములో ప్రతి కిలోగ్రామునకు 50 మిల్లీగ్రాములు అని అర్థము. అంకె తగ్గిన కొలది విషము హెచ్చు. కొద్దిపాటి మోతాదు చాలును గనుక!

ఈ ఎల్.డి. 50 అనునది ఏమి? తెల్ల ఎలుకల వంటి జంతువుల గుంపునకు ఒక పదార్థమును ఒక్క పర్యాయము ఇచ్చినప్పుడు, వానిలో సరిగా సగము చనిపోవుటకు ఎంత మోతాదు కావలెనో అంత. దీనిని తెలుగులో ‘మధ్యగత మారక మోతాదు’ అనవచ్చును. ఇట్టి పరీక్షకే తీవ్ర విషత్వ పరీక్ష యని పేరు. ఇచ్చట తీవ్రము అనగా భయంకరమని కాదు. ఒక్కసారి ఇచ్చిన మోతాదు కొలది దినములలోనే చూపు ఫలితమని మాత్రమే.

సగమే ఎందుకు? పూర్తిగా చంపు మోతాదునో, చంపుటకు చాలిన కనీసపు మోతాదునో తీసుకొనరాదా? వెనుకటి శాస్త్రజ్ఞులు అట్లే చేసెడివారు. చిత్రమేమనగా, ఈ కొలత పుట్టినది విషముల కొరకు కాదు, మందుల కొరకు. గుండెజబ్బులకు వాడు డిజిటాలిస్ ఆకు ఒక తోటలోనిది ఒక విధముగా, వేరొక తోటలోనిది వేరొక విధముగా పనిచేయును. అందలి సారమును రసాయనిక పరీక్షలతో తూచుటకు ఆనాడు వీలులేకపోయెను. కనుక కప్పల మీదనో, పిల్లుల మీదనో ప్రయోగించి, వానిని చంపుటకు చాలిన కనీసపు మోతాదు ఎంతయో చూచి, దానినే ప్రమాణముగా పెట్టుకొనిరి. కాని నేడు ఒక కప్పను చంపిన మోతాదు రేపు మరియొక కప్పను చంపదు. మనుష్యులలో వలెనే జంతువులలో కూడ బలహీనమైనవి, గట్టివి ఉండును. కనీసపు మోతాదు అన్నప్పుడు ఆ గుంపులోని మిక్కిలి బలహీనమైన జంతువును కొలుచుచున్నాము గాని మందును కాదు.

ఇంగ్లండులో వెల్‌కమ్ శరీరధర్మ పరిశోధనాలయములో పనిచేయుచుండిన జె. డబ్ల్యు. ట్రెవాన్ 1927లో ఈ చిక్కును విప్పెను. అతడు ఏ ఒక్క జంతువును గూర్చియు పట్టించుకొనక, గుంపును లెక్కలోనికి తీసుకొనెను. విద్యార్థులు గ్రాఫు కాగితముపై గీచి చూచుటకు వీలుగా ఒక కల్పిత ఉదాహరణ తీసుకొందము. ఒక పదార్థమును కిలోగ్రామునకు 100, 200, 400, 800, 1,600 మిల్లీగ్రాముల చొప్పున అయిదు గుంపులకు ఇచ్చితిమి. గుంపునకు పది ఎలుకలు. వరుసగా 0, 2, 5, 8, 10 ఎలుకలు చనిపోయినవి. మోతాదును అడ్డముగా, మరణములను నిలువుగా గుర్తించినచో ఒక ప్రక్కకు వాలిన వక్రరేఖ వచ్చును. మోతాదుకు బదులు దాని సంవర్గమానమును తీసుకొన్నచో అదే రేఖ రెండు చివరల పడుకొని, నడుమ నిటారుగా లేచి, ఇరువైపుల ఒకే తీరున ఒదిగి యుండును. ఆ నిటారు భాగముననే 50 శాతము గుర్తు ఉన్నది. మెట్ట నిటారుగా ఉన్నచోట మోతాదులోని చిన్న తేడా కూడ మరణములలో పెద్ద తేడాగా కనిపించును; కావున అచ్చట మోతాదును నిర్ణయించుటలో పొరపాటు తక్కువ. రేఖ పడుకొనియున్న చివరలలో, అనగా నూటికి ఒక ఎలుక చనిపోవు చోటనో, తొంబదితొమ్మిది చనిపోవు చోటనో, కొలుచుటకు వందలకొలది జంతువులు కావలెను. సగమును ఎన్నుకొనుటలోని రహస్యమంతయు ఇంతే.

అయినను పది ఎలుకలలో అయిదు చనిపోయినవి అన్న అంకెను మితిమీరి నమ్మరాదు. తరగతిలో ఒక నాణెమును పదేసిసార్లు ఎగురవేయించి చూడుడు. బొమ్మ పడుటకును బొరుసు పడుటకును సమానావకాశమే ఉన్నను, సరిగా అయిదు బొమ్మలు పడుట దాదాపు నాలుగు పర్యాయములకు ఒకసారి మాత్రమే జరుగును. మూడును, ఏడును కూడ తరచుగా పడును. ఎలుకల విషయమందును అంతే. అందుచేత ఎల్.డి. 50 విలువను దశాంశముల వరకు వ్రాసినప్పుడు అది కేవలము గణితపు అలంకారమని గ్రహింపవలెను.

ఇక పరీక్ష జరుగు పద్ధతి. ఒకే జాతికి చెందిన, వయస్సులోను బరువులోను ఇంచుమించు సమానమైన ఎలుకలను కొన్ని దినములు ప్రయోగశాల వాతావరణమునకు అలవాటు చేయుదురు. మోతాదు ఇచ్చుటకు ముందు రాత్రి ఆహారమును తీసివేయుదురు. నీరు మాత్రము ఉంచుదురు. కడుపులో గింజలున్నచో మందు ఒంటపట్టు వేగము మారిపోవును గదా. ఒక్కొక్క ఎలుకను తూచి, దాని బరువునకు తగిన మోతాదును లెక్కకట్టి, మొద్దు కొనగల సన్నని గొట్టముతో నేరుగా కడుపులోనికి ఎక్కింతురు. మొదటి అరగంటలో ఒక్కసారియైనను, మొదటి నాలుగు గంటలు మిక్కిలి శ్రద్ధగాను, ఆ తరువాత దినదినము, మొత్తము పదునాలుగు దినములు చూచెదరు. వణుకు వచ్చినదా, చొల్లు కారినదా, నడక తడబడినదా, వెండ్రుకలు నిక్కబొడుచుకొన్నవా, తిండి మానినదా, బరువు తగ్గినదా? ఇదంతయు వ్రాసియుంచుదురు. బాధతో మరణమునకు చేరువైనదానిని నొప్పి తెలియకుండ ముందే చంపివేయుదురు. కడపట అన్నిటిని కోసి లోపలి అవయవములను పరీక్షింతురు.

పదునాలుగు దినములు ఎందుకనగా, అన్ని విషములును ఒకే వేగముతో పనిచేయవు. సైనైడ్ నిమిషములలో చంపును. మరికొన్ని వారము దినములు ఏమియు ఎరుగనట్లు ఊరకుండి, తరువాత కాలేయమునో మూత్రపిండములనో కూల్చును.

ఈ విధముగా ఎలుకలలో వచ్చిన విలువలు కొన్ని చూతము. పొటాషియం సైనైడ్‌కు 5 నుండి 10 వరకు. కాఫీలోని కెఫీన్‌కు సుమారు 190. మనము అన్నములో కలుపుకొను ఉప్పునకు 3,000. మద్యములోని ఇథైల్ ఆల్కహాలుకు సుమారు 7,000. డైఇథిలీన్ గ్లైకాల్ అను పారిశ్రామిక ద్రావణికి 12,565.

ఈ కడపటి దానివద్ద మనము ఆగవలెను. ఇది రంగులేని, వాసనలేని, చిక్కని, తియ్యని ద్రవము. ప్లాస్టిక్ రెసిన్లు, అచ్చుసిరాలు, బ్రేకుద్రవములు మొదలగువాని తయారీలో దీనిని వాడుదురు. ఇది పురుగుమందు కాదు గాని, పై నియమావళి ప్రకారమే రంగు వేయవలసివచ్చినచో దీనికి ఆకుపచ్చ త్రికోణమే దక్కును. ఎలుక లెక్కలో ఇది ఉప్పుకన్న నాలుగింతలు మేలు! మరి దీని చరిత్ర ఏమి?

1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అను మందు కొత్తగా వ్యాప్తిలోనికి వచ్చినది. గొంతునొప్పి మొదలు అనేక అంటువ్యాధులకు బిళ్ళలుగాను పొడిగాను ఇచ్చుచుండిరి. పిల్లలకొరకు ద్రవరూపములో కావలెనని కోరిక వచ్చెను. అది నీటిలో సరిగా కరగదు. టెన్నెసీ రాష్ట్రమందలి మాసెంగిల్ కంపెనీలో హెరాల్డ్ వాట్కిన్స్ అను రసాయనజ్ఞుడు అది డైఇథిలీన్ గ్లైకాల్‌లో చక్కగా కరగునని కనుగొనెను. దానికి రాస్ప్‌బెరి పండు వాసన చేర్చిరి. రుచి, రంగు, వాసన పరీక్షించిరి. జంతువులకు ఇచ్చి చూడలేదు; నాటి చట్టము చూడుమని చెప్పలేదు. ఆ ద్రవమున సుమారు 72 శాతము ఈ ద్రావణియే. ఆ సెప్టెంబరులో 240 గ్యాలనులు దేశమంతట పంచిరి. త్రాగినవారు 353 మంది అని తరువాత తేలినది. వారిలో 105 మంది మరణించిరి. అందు 34 మంది పిల్లలు. వారికి మూత్రము ఆగిపోయినది, కడుపులో విపరీతమైన నొప్పి, వాంతులు, కడపట స్మృతి తప్పుట. రోగము ఒకటి నుండి మూడు వారముల వరకు సాగినది.

ప్రభుత్వపు అధికారులు ఇంటింటికి తిరిగి మిగిలిన సీసాలను పట్టుకొనిరి. దానిని స్వాధీనము చేసికొనుటకు చట్టములో దొరికిన ఆధారమేమో వినుడు: ‘ఎలిక్సిర్’ అని పేరు పెట్టినప్పుడు అందులో ఆల్కహాలు ఉండవలెను, ఇందులో లేదు, కాబట్టి పేరు తప్పు! విషమను కారణముతో పట్టుకొనుటకు ఆ చట్టములో వీలులేదు. మరుసటి సంవత్సరము, 1938లో, క్రొత్త మందును అమ్ముటకు ముందే అది నిరపాయకరమని ఋజువు చూపవలెనను శాసనము వచ్చినది.

ఈలోగా షికాగో విశ్వవిద్యాలయములో ఇ. ఎమ్. కె. గీలింగ్ అను ఔషధశాస్త్రజ్ఞునకు ఒక ప్రశ్న అప్పగింపబడెను: చంపినది మందా, ద్రావణియా, లేక రెండును కలిసియా? ఎలుకలు, కుందేళ్ళు, కుక్కలు తీసుకొని కొన్నిటికి సల్ఫనిలమైడ్ మాత్రమే, కొన్నిటికి డైఇథిలీన్ గ్లైకాల్ మాత్రమే, కొన్నిటికి సీసాలోని మందు యథాతథముగా ఇచ్చిరి. ఉపాధ్యాయులు ప్రయోగ నిర్మాణమును బోధించుటకు ఇంతకన్న తేటయైన ఉదాహరణము దొరకుట అరుదు. ద్రావణిని మాత్రమే పుచ్చుకొన్న జంతువులు, సీసాలోని మందు పుచ్చుకొన్నవానివలెనే జబ్బుపడినవి. సల్ఫనిలమైడ్ మాత్రమే పుచ్చుకొన్నవానికి ఆ జబ్బు రాలేదు. కోసి చూడగా మూత్రపిండములలోని సన్నని నాళికల కణములు నీరుపట్టి ఉబ్బి పాడైయుండినవి. చనిపోయిన మనుష్యుల మూత్రపిండములలో కనబడినదియు ఇదియే. ఈ పనిలో పాల్గొన్న విద్యార్థిని ఒకామె తరువాత ఫ్రాన్సెస్ కెల్సీ అను పేరుతో ప్రసిద్ధురాలైనది. 1960లో థాలిడోమైడ్ అను నిద్రమందునకు అమెరికాలో అనుమతి ఇయ్యక అడ్డుపడినది ఆమెయే.

ఇచ్చట పాఠకునకు ఒక సందేహము కలుగవలెను. అవే ఎలుకలు ఒకచోట ‘ఉప్పుకన్న మేలు’ అని చెప్పి, మరొకచోట నిజము ఎట్లు చెప్పినవి? ఎలుక రెండు చోట్లను నిజమే చెప్పినది. మనము అడిగిన ప్రశ్నలే వేరు. మొదటి ప్రశ్న: సగము ఎలుకలు చచ్చుటకు ఒక్కసారి ఎంత కావలెను? దానికి ఒక అంకె చాలును. రెండవ ప్రశ్న: ఇది లోపలికి పోయి ఏ అవయవమును ఏమి చేయుచున్నది? దీనికి సమాధానము అంకెలో లేదు, కోసి చూచిన మూత్రపిండములో ఉన్నది.

లోపల జరుగునదేమో ఈ శతాబ్దములోనే బాగుగా తెలిసినది. డైఇథిలీన్ గ్లైకాల్ తానుగా అంత విషము కాదు. కాలేయములో ఆల్కహాలును మార్చు ఎంజైములే దీనినికూడ పట్టుకొని మెట్టు మెట్టుగా ఆమ్లములుగా మార్చును. వానిలో డైగ్లైకాలిక్ ఆమ్లము మూత్రపిండ నాళికల కణములలో చేరి పేరుకొనును. ఆ కణములను చంపునది అదియే. మొదటి దినము మత్తుగా, వాంతులుగా ఉండి కొంచెము తేరుకొన్నట్లు కనబడి, తరువాత మూత్రము ఆగిపోవుట ఇందువలననే. ఒక పదార్థము ఏ జంతువులో ఎంత వేగముగా మారును, మారినది ఎంత వేగముగా బయటికి పోవును అనునవి జాతిజాతికి భిన్నము. కనుక విషత్వమును భిన్నమే. ఈ భేదము ఎంతవరకు పోవునో తెలియుటకు డయాక్సిన్ అను పదార్థమును తలచుకొన్న చాలును. టి.సి.డి.డి. అను పేరుగల డయాక్సిన్ విషయమున గినీపందికి ఎల్.డి. 50 కిలోగ్రామునకు సుమారు ఒక మైక్రోగ్రాము. హామ్‌స్టర్‌కు వేయి మైక్రోగ్రాములకు పైన. రెండును చిన్న ఎలుకజాతి ప్రాణులే. వానిలో మనుష్యుడు దేనికి దగ్గర?

కలుపుమందైన పారాక్వాట్ సంగతి మన రైతులకు ఎక్కువ పరిచితము. ఎలుకలో దాని విలువ 100 నుండి 150 వరకు. పసుపు వర్గమున పడును. మనుష్యులలోనైతే 20 శాతపు ద్రావణము ఒక గ్రుక్కెడు మ్రింగిన ప్రాణాపాయము. ఊపిరితిత్తులు గట్టిపడి దినములకో వారములకో మరణము వచ్చును, విరుగుడు లేదు. పసుపు రంగు దీనిలో ఏ ఒక్క సంగతిని చెప్పదు.

ఇక జంతువుల ప్రాణముల మాట. పాత పద్ధతిలో ఒక్క పదార్థమునకు ఒక్క విలువ కొరకు అరువది మొదలు నూరు వరకు జంతువులను వాడెడివారు. సాధించినది నాణెము ఎగురవేసినంత నిలకడగల అంకె! ఈ ఖర్చు దండుగయని 1980ల నాటికి విషశాస్త్రజ్ఞులే గట్టిగా చెప్పసాగిరి. పారిశ్రామిక దేశముల ఆర్థిక సహకార సంస్థ 1981లో ప్రకటించిన పాత ఎల్.డి. 50 పరీక్షా పద్ధతిని 2002 డిసెంబరులో తొలగించినది. ఇప్పుడు దానికి బదులు మూడు పద్ధతులున్నవి. ఒకదానిలో 5, 50, 300, 2,000 అను స్థిరమైన మోతాదులలో ఒకటి ఇచ్చి, మరణము కొరకు కాచుకొనక, స్పష్టమైన విషలక్షణములు కనబడినవా అని చూచెదరు. మరొకదానిలో మెట్టునకు మూడేసి జంతువులను మాత్రమే వాడుదురు. మూడవదానిలో ఒక్కొక్క ఎలుకకే మోతాదు ఇచ్చి, అది బ్రతికినచో తరువాతిదానికి హెచ్చింతురు, చనిపోయినచో తగ్గింతురు. నిచ్చెన ఎక్కి దిగినట్లు నడుమ విలువను చేరుదురు. నా దృష్టిలో మొదటి పద్ధతియే మేలైనది. ఎన్ని చచ్చినవను ప్రశ్నను వదలి, ఏమి జరిగినదను ప్రశ్నను అది అడుగుచున్నది. మన దేశములో ఇట్టి ప్రయోగములకు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద సంస్థ యొక్క నైతిక సంఘము అనుమతి పొందవలెను. మనుష్యులకు జరిగిన అపాయముల సాక్ష్యము దొరికినచో ఎలుక అంకెకన్న దానికే పెద్దపీట వేయవలెనని నేటి అంతర్జాతీయ వర్గీకరణ చెప్పుచున్నది. డైఇథిలీన్ గ్లైకాల్‌కు యూరపులో ‘మ్రింగినచో హానికరము’ అను హెచ్చరిక ఉన్నది. 12,565 అను అంకెనే నమ్మియుండినచో అది వచ్చెడిది కాదు.

మనుష్య సాక్ష్యమునకు కొదువలేదు. మందులలో వాడు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనునవి చూపునకు, రుచికి డైఇథిలీన్ గ్లైకాల్‌వలెనే ఉండును. చౌక అని ఒకదానికి బదులు మరొకటి చేరును. గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి పరీక్ష చేసిన తప్ప తేడా తెలియదు. 1986లో బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో ఇట్టి గ్లిజరిన్ వలన 14 మంది మరణించిరి. 1998లో ఢిల్లీ చెంత గుర్‌గావ్ ప్రాంతమున 33 మంది పిల్లలు పోయిరి. 1995–96లో హైటీ దేశమున జ్వరపు సిరప్ త్రాగి 109 మంది పిల్లల మూత్రపిండములు చెడిపోయినవి. వారిలో అత్యధికులు మరణించిరి. ఆ పిల్లల శరీరములలోనికి పోయిన మోతాదును పరిశోధకులు లెక్కకట్టగా, మధ్యగత విలువ కిలోగ్రామునకు 1.34 మిల్లీలీటరులని తేలినది. తూకములో చెప్పినచో ఇది సుమారు ఒకటిన్నర గ్రాములు. ఎలుక అంకెలో ఎనిమిదవ వంతు.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పిల్లలు మరణించిరి. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతమున్నట్లు పరీక్షలో తేలినది. ఉండదగిన హద్దు 0.1 శాతము. అంత శాతమున్న 60 మిల్లీలీటరుల సీసాను, పన్నెండు కిలోల బరువుగల ఒక బిడ్డను ఊహించుకొని విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును. సీసాలో ఆ ద్రవము సుమారు 29 గ్రాములు. ఎలుక అంకెను బట్టి ఈ బిడ్డకు మారకమగుటకు 150 గ్రాములు, అనగా అయిదు సీసాలకు మించి త్రాగవలెను. హైటీ పిల్లల లెక్కను బట్టి మూత్రపిండములు చెడుటకు 18 గ్రాములు చాలును. అది సీసాలో 37 మిల్లీలీటరులు. దినమునకు మూడు చెంచాల చొప్పున రెండున్నర దినముల మందు.